పదకొండేళ్ళ సంబంధం

పాతరేవు పులుల జట్టును బదిలీ చేసేశారన్న కబురు వెంపలవలసకు మంగళవారం పొద్దున పదింటికి చేరింది. పదింపావుకల్లా మిఠాయి కొట్ల ముందు జనం బారులు తీరారు. పదిన్నరకు బాణసంచా మొదలైంది. పదకొండుకి ఎవరో పెద్దమనిషి పులుల మేనేజరు మజ్జి లోకనాథం దిష్టిబొమ్మ ఒకటి తయారుచేయించి, తీరా తగలబెట్టడానికి మనసొప్పక, మెడలో పూలదండ వేసి బస్టాండుదాకా సాగనంపి వచ్చాడు.

ఈ రెండు ఊళ్ళ సంగతి తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. నల్లేరుకు ఇవతలి ఒడ్డున వెంపలవలస, అవతలి ఒడ్డున పాతరేవు. మధ్యన ఒక వంతెన. ప్రొఫెషనల్ హాకీ లీగ్ పెట్టిన కొత్తలో ఇవతలి ఊరివాళ్ళు వేటగాళ్ళు అనే జట్టు తెచ్చుకున్నారు. సరిగ్గా మూడు రోజులకి అవతలి ఊరివాళ్ళు పంతంకొద్దీ పులులు అనే జట్టు తెచ్చుకున్నారు. ఎదుటి ఒడ్డున వేటగాళ్ళు ఉండగా పులులని పేరు పెట్టుకోవడం ఎంతవరకు తెలివైన పనో ఆ ఆవేశంలో ఎవరికీ తోచలేదు. పదకొండేళ్ళుగా వేటగాళ్ళు పులులను వేటాడుతూనే ఉన్నారు. ఆ మాటకొస్తే లీగులో వాళ్ళను వేటాడని జట్టు లేదు. పోయిన రెండు సీజన్లలో పులులు ఇరవై ఆటలాడి పదిహేడు ఓడిపోయారు. మిగిలిన మూడింట్లో ఒకటి వానకి ఆగిపోయింది. ఒకదానికి అవతలి జట్టు బస్సు చెడిపోయి రాలేదు. మూడోది ఎలా గెలిచారో వాళ్ళకే అంతుపట్టక అంతర్గత విచారణ జరిపించుకున్నారు.

వేటగాళ్ళ మేనేజరు యడ్ల సన్యాసినాయుడు ఆ రోజు జట్టు ఆఫీసులో కూర్చుని, నోట్లో లడ్డూ పెట్టుకుని, బదిలీ ఉత్తర్వు కాపీని మూడుసార్లు చదివాడు. ఒకప్పుడు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. ఊరి చివర తుమ్మ తుప్పలు నరికి, రాళ్ళు ఏరి, ఆ బీడును ఆటస్థలం చేసింది ఆయనే. ముందు ఆటస్థలం, తరవాత జట్టు కాస్త కుదురుకున్నాక చూద్దాంలే అని పెళ్ళి వాయిదా వేసుకుని, తరవాత ఆ సంగతి మరిచేపోయాడు. ఇప్పుడాయనకు యాభై నాలుగేళ్ళు. జట్టు తప్ప ఇల్లూ వాకిలీ అని చెప్పుకోదగ్గది వేరే ఏమీ లేదు.

ఉత్తర్వు ఇలా ఉంది: "ప్రజాప్రయోజనాల దృష్ట్యా, పరిపాలనా సౌలభ్యం నిమిత్తం, పనితీరు మెరుగుపరచుకొనుటకు గాను, పాతరేవు పులులు అను జట్టు దిగువమెట్ట అను స్థానమునకు బదిలీ చేయబడినది. సదరు జట్టు తన గోల్ పోస్టులను, ఓటములను తగు రీతిని అప్పగించి తక్షణం విధుల నుండి విముక్తి పొందవలెను."

కింద సంతకం రాష్ట్ర వృత్తి హాకీ ప్రాధికార సంస్థ డైరెక్టరు శ్రీ వేదాంతం దక్షిణామూర్తిగారిది. ఆయన ముప్పైనాలుగేళ్ళ సర్వీసులో బదిలీల సెక్షన్ తప్ప మరో సెక్షన్ మొహం చూసి ఎరగరు. కరువొచ్చినా, వరదొచ్చినా, గుమాస్తా భోజనానికెళ్ళి తిరిగి రాకపోయినా ఆయనకు తోచే మందు ఒక్కటే. హాకీకి పెద్దదిక్కుగా వేశాక కూడా ఆయన మందు మార్చలేదు.

దిగువమెట్ట ఆరువందల కిలోమీటర్ల అవతల, రాళ్ళ సీమలో ఉంది. లీగులో అది వేరే విభాగం, ఇక్కడివాళ్ళతో ఆటే పడదు. "పీడ ఒదిలింది" అనుకుని సన్యాసినాయుడు రెండో లడ్డూ తీసుకున్నాడు.

*

పీడ ఒదిలాక వేటగాళ్ళు సొంత ఊళ్ళో ఆడిన మొదటి ఆటకు నలభై ఏడుగురు వచ్చారు. అందులో పదకొండుమంది స్టాండ్సు కింద నీడ బాగుంటుందని బస్సుకోసం కూర్చున్నవాళ్ళు. బస్సు రాగానే వెళ్ళిపోయారు. అప్పటికి వేటగాళ్ళు రెండు గోల్సు ముందున్నారు.

మురీలు, అంటే మరమరాలు, బుట్టలో పెట్టుకుని గేటు దగ్గర అమ్మే పైడమ్మ సాయంత్రం బుట్ట నిండుగానే ఎత్తుకుని ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"బాబూ నాయుడుబాబూ, ఇదేటి ఆటండి? ఎవుల్ని తిట్టాలో తెలీక నోరు పిడసకట్టుకుపోనాది."

"ఒచ్చినోళ్ళని తిట్టొచ్చు కదే పైడమ్మా?"

"ఒచ్చినోళ్ళెవులో నాకేటి తెలుసు? ముక్కూ మొకం తెలీనోళ్ళని ఎలగ తిడతాం బాబూ, తప్పు కాదా? అదే గోలుకాడ నిలబడే ఆ పాతరేవు గోలీగాడయితే, ఆడు పుట్టినకాడినుంచి సూత్తన్నాను. ఆడి కాళ్ళు రెండూ రైలు గేటు నాగ ఎప్పుడూ తెరిసే ఉంటాయి. ఆణ్ణి తిడితే కడుపు నిండినట్టుంటాది."

నాయుడు నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె అన్నది నూటికి నూరు పాళ్ళూ నిజం. పదకొండేళ్ళుగా వెంపలవలస జనం హాకీ చూడటానికి వస్తున్నారని ఆయన అనుకుంటూ వచ్చాడు. వాళ్ళు వచ్చింది పాతరేవువాళ్ళను తిట్టడానికి. మిగతా ఆటలకు వచ్చేది ఆ తిట్లు సాధన చేసుకోవడానికి. తండ్రి తిట్టు కొడుక్కి, అత్త తిట్టు కోడలికి అప్పజెప్పుకుంటూ వచ్చిన ఊరది. ఇప్పుడు ఆ విద్యంతా ఎవరిమీద చూపించాలో తెలియక జనం ఇళ్ళల్లో కూర్చుని ఒకరినొకరు తిట్టుకుంటున్నారని, కాపురాలు చెడేలా ఉన్నాయని కూడా పైడమ్మ చెప్పి వెళ్ళింది.

ఆటగాళ్ళకీ అదే జబ్బు పట్టుకుంది. సెంటర్ ఫార్వర్డు బంతి తీసుకుని గోలుదాకా వెళ్ళి, అక్కడ తెలిసిన మొహం కనబడక, దిగులుగా వెనక్కి తిరిగి వచ్చాడు.

సొంత ఊళ్ళో నాలుగు ఆటలు గడిచేసరికి వచ్చిన జనం మొత్తం కలిపి నూట అరవై మూడు. అప్పుడు ప్రాధికార సంస్థనుంచి తాఖీదు దిగింది. సీజన్లో సొంత ఊళ్ళో జరిగే అయిదు రోజులకూ కలిపి, రోజుకు సగటున రెండు వేలమంది ప్రాంగణంలోకి అడుగుపెట్టని పక్షంలో జట్టును రద్దు చేసి, ఆటగాళ్ళను ఇతర జట్లలో సర్దుబాటు చేసి, మేనేజరును మాతృశాఖకు వాపసు పంపుతారట.

మాతృశాఖ అంటే హైస్కూలు. అంటే మళ్ళీ విజిలు మెడలో వేసుకుని, ఎండలో నిలబడి, ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెట్టడం. దానికి నాయుడు బెదరలేదు. పద్ధెనిమిదిమంది ఆటగాళ్ళను తలో దిక్కుకీ పంచేస్తారనీ, తాను తుప్పలు నరికిన చోట మళ్ళీ తుప్పలు మొలుస్తాయనీ తలచుకుంటే మాత్రం కూర్చున్నచోట కూర్చోలేకపోయాడు. మిగిలింది ఒక్క రోజు. ఆ ఒక్క రోజు పదివేలమంది రావాలి. అంతమందిని రప్పించగల జట్టు భూమ్మీద ఒక్కటే ఉంది. అది దిగువమెట్టలో ఉంది.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని రాజధాని బస్సెక్కాడు.

*

డైరెక్టరు దక్షిణామూర్తిగారి గదిలో గోడకు రాష్ట్రపటం ఉంది. దానినిండా రంగురంగుల గుండుసూదులు. ఒక్కో సూది ఒక్కో జట్టు. ఆయన నాయుడితో మాట్లాడుతూనే లేచి వెళ్ళి, ఒక సూదిని పీకి కాస్త ఎడంగా గుచ్చి, తల వంచి చూసుకుని సంతృప్తిగా వచ్చి కూర్చున్నారు.

"నాయుడుగారూ, ఏ జట్టయినా ఒకే స్థానంలో దీర్ఘకాలం పాతుకుపోతే స్థానిక ప్రయోజనాలు ఏర్పడతాయి. పులులకు పాతరేవులో ఏర్పడినది ఏమిటి? ఓటమి. దానినుండి వారిని వేరుచేశాం."

"ఓటమి కూడా ఆళ్ళతోనే ఎల్లిపోయింది బాబూ. అక్కడా ఓడిపోతన్నారట కదా?"

"అది కుదురుకొను వ్యవధి. పరిగణనలోకి తీసుకోరాదు."

"ఆళ్ళని ఎనక్కి పంపీయండి బాబూ. మీకు పున్నెవుంటాది."

దక్షిణామూర్తిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బదిలీ అయినది ఎవరు? పులులు. రద్దు కోరుచున్నది ఎవరు? వేటగాళ్ళు. సంబంధం లేని మూడో పక్షం వారి విజ్ఞాపనను సంస్థ స్వీకరించజాలదు."

నాయుడికి కోపం వచ్చేసింది. "సమ్మందం లేకపోడవేటి బాబూ! పదకొండేళ్ళ సమ్మందం! ఆళ్ళ మొకం సూడకపోతే మావోళ్ళకి కూడు సయించదు. ఆళ్ళని నాలుగు తిట్టకపోతే నిద్దర పట్టదు. ఆళ్ళు ఎల్లిపోయినకాడినుంచి ఇల్లు ఇల్లు నాగ లేదు. ఆళ్ళున్నన్నాళ్ళూ ఎప్పుడు పోతారా అనుకున్నాం. తీరా ఎల్లిపోయినాక తెలిసింది, ఆళ్ళు లేకపోతే మాకు బతుకే లేదని."

దక్షిణామూర్తిగారు మెల్లిగా పక్క బల్లవైపు తిరిగారు. అక్కడ సూపరింటెండెంటు శకుంతలగారు ఫైళ్ళు కట్టుకుంటున్నారు. బదిలీల నిబంధనలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. పెళ్ళయి ముప్పై ఏళ్ళయింది.

"శకుంతలగారూ, ఈయన చెప్పిన లక్షణాలు మన నిబంధనల్లో ఎక్కడికి వస్తాయి?"

ఆవిడ తలెత్తకుండానే అన్నారు: "స్పౌజ్ కోటా సార్."

"అనగా?"

"ఏళ్ళ తరబడి పోట్లాడుకుంటారు, విడిచి ఉండలేరు, వెళ్ళాక విలువ తెలుస్తుంది. ఇంతకంటే దాంపత్యం ఎవరికి ఉంటుంది సార్? భార్యాభర్తలిద్దరినీ ఒకే చోటికి వెయ్యాలని మన రూలు. పులుల్ని వెనక్కి తేవచ్చు."

దక్షిణామూర్తిగారి ముఖం వెలిగింది. సమస్య బదిలీతోనే తీరుతుందని తేలేసరికి ఆయనకు నాయుడిమీద వల్లమాలిన అభిమానం పుట్టుకొచ్చింది. ఉభయులూ ఎడతెగక కలహించుకొనుచున్నారని తహసీల్దారు ధ్రువపత్రం, రెండో పక్షంవారి అంగీకార పత్రం జతచేసి దరఖాస్తు పెట్టుకొమ్మన్నారు. ఒక కాయితం చేతిలో పెట్టారు. అందులో ఒక గడి 'భర్త', ఇంకో గడి 'భార్య'.

"ఇందులో మేవెవులం బాబూ?" అన్నాడు నాయుడు బెరుగ్గా.

"అది దంపతుల అంతర్గత విషయం. సంస్థ జోక్యం చేసుకోదు."

*

తహసీల్దారు విచారణకు ఆటస్థలానికే వచ్చి, సాక్షిగా పైడమ్మను పిలిపించాడు.

"ఈ రెండు జట్లవాళ్ళూ తగువులాడుకోవడం నువ్వు కళ్ళారా చూశావా?"

"సూడ్డవేటి బాబూ, నానూ ఓ సెయ్యేసినాను."

"ఎప్పుడైనా ఒకరినొకరు మెచ్చుకోగా విన్నావా?"

పైడమ్మ చెంపలు వేసుకుంది. "అలాటి పాడుబుద్దులు మా ఊళ్ళో నేవు బాబూ. అడగండి ఎవులినైనా."

ఇరుపక్షాల దాంపత్యాన్ని శంకించడానికి కారణం ఏమీ కనబడలేదని తహసీల్దారు అక్కడికక్కడే రాసిచ్చి, రెండు పొట్లాల మురీలు కొనుక్కుని జీపెక్కాడు.

ఇక మిగిలింది లోకనాథం సంతకం. నాయుడు రెండు రైళ్ళు మారి దిగువమెట్ట చేరేసరికి అక్కడ ఆట జరుగుతోంది. పులులు ఏడు గోల్సు తిని, సున్నా కొట్టి, తలలు దించుకుని బయటికి వస్తున్నారు. దిగువమెట్ట జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. తలపాగా పెద్దాయన ఒకరు గోలీకి చెంబుతో మజ్జిగ ఇచ్చి, వీపు నిమిరి, "ఏం కాదులే నాయనా, బాగానే ఆడినారు. దినామూ ఒకే మాదిరి ఉంటాదా?" అన్నాడు. గోలీ ఆ మజ్జిగ తాగలేక తాగాడు.

లోకనాథం ఒక మూల బెంచీమీద ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. నాయుణ్ణి చూసి ముందు ఉలిక్కిపడ్డాడు, తరవాత మొహం ముడుచుకున్నాడు.

"ఏరా, నవ్వడానికొచ్చావా? నవ్వీసి పో."

నాయుడు పక్కన కూర్చున్నాడు. పదకొండేళ్ళలో ఇద్దరూ ఒకే బెంచీమీద కూర్చోవడం అదే మొదలు. "ఎలగున్నావురా?" అన్నాడు.

"నువ్వు కూడానా?" అన్నాడు లోకనాథం. "ఇక్కడ అందరూ ఎలగున్నారు సార్ అనే అడుగుతారు. సార్ అంటారు, గారు అంటారు. మనుసులు మంచోళ్ళురా, అదే నా కర్మ. మొన్న పది గోల్సు తిన్నాం. ఇంటికి పిలిసి భోజనం పెట్టినారు. ఒక్కడంటే ఒక్కడు ఓ మాట అన్లేదు. మా కుర్రోళ్ళు రాత్రీ పగలూ అదే దిగులు. తిట్టడం రాదురా ఈళ్ళకి! ఓడిపోయినట్టే ఉండదు. ఉన్నట్టే ఉండదు."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాయుడికి గుండె చెరువైపోయింది. ఓదార్చాలనుకున్నాడు గాని ఎలా ఓదార్చాలో తెలియలేదు. చివరికి తనకు వచ్చిన పద్ధతిలోనే మొదలుపెట్టాడు.

"నీకు తిట్లు కూడా కావాలేటిరా సన్నాసీ? నీ జట్టుకి హాకీ కర్రలెందుకు, పొయ్యిలో పెట్టుకోండి, కూడైనా ఉడుకుతాది. ఆ గోలీగాణ్ణి తీసీసి గోల్లో ఓ కుక్కిమంచం అడ్డం పెట్టు. సగం గోల్సయినా ఆపుతాది."

లోకనాథం మొహంలోకి నెత్తురు వచ్చింది. "మళ్ళీ అను," అన్నాడు.

నాయుడు అన్నాడు. ఇంకా నాలుగు కలిపి అన్నాడు. బట్టలు మార్చుకుంటున్న పులులు ఆ గొంతు గుర్తుపట్టి ఒక్కొక్కరే పరుగున వచ్చి చుట్టూ చేరారు. "నన్ననండి సార్," "నన్ను కూడా," అని తోసుకున్నారు. అందరికీ తలో తిట్టూ పంచేసరికి నాయుడి గొంతు బొంగురుపోయింది.

తరవాత కాయితం బయటికి తీశాడు. లోకనాథం చదివి, చదివి, "సంతకం పెడతాను గానీ భర్త గడిలోనే పెడతాను," అన్నాడు.

"అదెలగ? పదకొండేళ్ళుగా గెలుస్తన్నది మేవు!"

"అయితే ఇక్కడే ఉంటాను. మజ్జిగ బాగుంటాది."

నాయుడికి తన జట్టులోని పద్ధెనిమిదిమంది పిల్లలు కళ్ళముందు కదిలారు. పెళ్ళే మరిచిపోయినవాడికి ఈ వయసులో ఈ గతి పట్టిందని గొణుక్కుంటూ 'భార్య' గడిలో సంతకం చేశాడు.

*

పులులు తిరిగి వచ్చిన రోజున రెండు ఊళ్ళూ వంతెనమీదే ఉన్నాయి. మళ్ళీ మిఠాయిలు, మళ్ళీ బాణసంచా. బస్సు కనబడగానే వెంపలవలసవాళ్ళు ఎత్తుకున్న తిట్లు రెండు మైళ్ళ అవతల బర్రెలు కాసేవాళ్ళకు వినబడ్డాయి. పులులు కిటికీల్లోంచి సగం బయటికి వచ్చి, చేతులూపుతూ ఆనందభాష్పాలు రాల్చారు. వచ్చే ఆదివారమే ఆఖరి ఆట, వేటగాళ్ళకూ పులులకూ. పన్నెండు వేలు పట్టే స్టాండ్సుకు టిక్కెట్లు పూటలో అయిపోయాయి.

శుక్రవారం ప్రాధికార సంస్థనుంచి ఇంకో తాఖీదు వచ్చింది.

"ఒకే స్థానమున నియమితులైన దంపతులు పరస్పర ప్రయోజన వైరుధ్యము కలిగించు విధులు నిర్వర్తించరాదు. హాకీ క్రీడయందు ఒకరి లాభము మరొకరి నష్టమగుట స్పష్టము. కావున సదరు దంపతులు ఒకరిపై ఒకరు ఆడుట ఇందుమూలముగా నిషేధించడమైనది."

నాయుడు ఫోనెత్తాడు. అవతల దక్షిణామూర్తిగారు చాలా ప్రసన్నంగా ఉన్నారు.

"ఆడకూడదంటే ఎలాగ బాబూ! ఆట లేకపోతే జనం రారు. జనం రాకపోతే నా జట్టు పోతాది!"

"కావలసినచో విడాకులకు దరఖాస్తు చేసుకొనవచ్చును. విడాకులు మంజూరైన పిదప పులులు తిరిగి దిగువమెట్టకు పోవలసి ఉంటుంది. విముక్తి ఉత్తర్వులకు ఏడు రోజులు పట్టును. ఆ ఏడు రోజుల్లో ఆడుకొనవచ్చును. సీజను గడువు అంతవరకు పొడిగించెదము."

"విడాకులకేటి చెయ్యాలి?"

"మీ దాంపత్యమునకు రుజువు ఏది? కలహము. కలహము లేదని రుజువైనచో దాంపత్యమూ లేదు. ఆదివారం నాడు ఆటకు నిర్ణయించిన సమయముననే, ఆటస్థలమందే, అనగా సహజ వాతావరణమున, ప్రజల సమక్షమున, ఉభయ జట్లూ డెబ్బయి నిమిషములు ఒక్క పరుష వాక్యమైనా లేక మర్యాదగా మెలగవలెను. పరిశీలనాధికారిగా శకుంతలగారు వచ్చెదరు."

నాయుడు ఫోను పెట్టేశాడు. లోకనాథాన్ని మళ్ళీ ఆ మజ్జిగలోకి తోసేస్తేనే తన జట్టు బతుకుతుంది. ఆ మాట చెప్పడానికి వంతెన దాటి వెళ్ళాడు. లోకనాథం విని, కండువాతో మొహం తుడుచుకుని, "జట్టు బతకాలిగదరా. నీ జట్టు లేకపోతే నాకు దిగువమెట్టేటి, పాతరేవేటి?" అన్నాడు. నాయుడు వంతెన దాటి వెనక్కి వచ్చేశాడు.

*

ఆదివారం స్టాండ్సులో ఇసకేస్తే రాలనంత జనం. హాకీ లేదని అందరికీ తెలుసు. పులులూ వేటగాళ్ళూ డెబ్బయి నిమిషాలు తిట్టుకోకుండా ఉంటారని చెబితే, ఆ వింత చూడటానికి ముసలీ ముతకా కూడా వచ్చారు. మైదానం మధ్యన షామియానా వేసి, శకుంతలగారికి కుర్చీ వేశారు. ఆవిడ చేతిలో పెన్ను, ఒళ్ళో కాయితాల అట్ట.

అలవాటుకొద్దీ అంపైరు విజిలు ఊదాడు.

సన్యాసినాయుడు చేతులు జోడించి ముందుకొచ్చాడు. "లోకనాథంగారూ, తమరు దయచేసి కూర్చోండి."

"అయ్యో, తమరు నిలబడి ఉండగా మేం కూర్చోడమా! తమరే ముందు."

స్టాండ్సులో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. పది నిమిషాలు అలాగే గడిచాయి. అంతలో పులుల గోలీ గబగబా వెళ్ళి ఒక కుర్చీ తెచ్చి, పైగుడ్డతో దులిపి, వేటగాళ్ళ సెంటర్ ఫార్వర్డు వెనక వేశాడు. పాతరేవు స్టాండ్సులోంచి ఎవడో ఉండబట్టలేక అరిచాడు: "ఒకటి!"

ఆ ఒక్క కేకతో అంతా మారిపోయింది.

వెంపలవలసవాళ్ళు దిగ్గున లేచారు. "ఒరే, ఎనకపడిపోతన్నాంరా! ఆళ్ళకి మంచినీళ్ళియ్యండిరా!" పైడమ్మ మురీల బుట్ట నెత్తిన పెట్టుకుని మైదానం అంచుకి వచ్చేసింది. "ఆ గోలీబాబుకి ఇసరండిరా! సెవటలు పట్టీసినాయి పాపం!" వేటగాళ్ళు విసనకర్రలు పట్టుకుని గోలీమీద పడ్డారు. ఒకటీ ఒకటీ. పులులు శాలువాలు తెచ్చారు. వేటగాళ్ళు వాటిని కప్పించుకోకుండా తప్పుకుంటూ పూలదండలతో ఎదురుదాడి చేశారు. పులుల డిఫెండర్లు మెడలు చేతులతో మూసుకుని పరుగెత్తారు. ఎడమవైపునుంచి ఒక వేటగాడు ముగ్గురిని తప్పించుకుని వెళ్ళి పులుల కెప్టెన్ కాళ్ళకు దండం పెట్టేశాడు. వెంపలవలస స్టాండ్సు దద్దరిల్లింది. పులుల కెప్టెన్ ఊరుకుంటాడా, వేటగాళ్ళ కెప్టెన్ కాళ్ళకోసం వంగాడు. అతనూ అదే సమయానికి ఇతని కాళ్ళకోసం వంగాడు. తలలు రెండూ టెంకాయల్లా ఢీకొన్నాయి. ఇద్దరూ కిందపడి కూడా "తప్పు నాదండీ," "కాదు నాదేనండీ," అని కొట్టుకోబోయారు. అంపైరు ఇద్దరికీ పసుపు కార్డు చూపించాడు.

ముప్పై ఆరుగురు ఆటగాళ్ళు ఒకరికొకరు మర్యాద చెయ్యడానికి మైదానమంతా తరుముకుంటుంటే, రెండు ఊళ్ళూ గొంతులు చించుకున్నాయి. ఆఖరి నిమిషంలో లెక్క పద్ధెనిమిదీ పద్ధెనిమిది. అప్పుడు లోకనాథం ఒక్క ఉదుటున వచ్చి, సన్యాసినాయుణ్ణి నడుం పట్టుకుని ఎత్తి, కుర్చీలో కూలేసి, "పందొమ్మిది!" అని అరిచాడు. విజిలు మోగింది.

శకుంతలగారు కాయితాలు సర్దుకుని, అక్కడే నివేదిక రాసి పైకి చదివారు.

"దూషించుకొనుటలో కలహించు ఈ దంపతులు గౌరవించుకొనుటలో అంతకు రెట్టింపు కలహించుచున్నట్టు గమనించడమైనది. ఇంత గట్టి దాంపత్యమును పరిశీలనాధికారి తన సర్వీసులో గాని సంసారములో గాని చూచి ఉండలేదు. విడాకులు తిరస్కరించడమైనది. పులులు పాతరేవునందే కొనసాగవలెను. ఇటువంటి పరిశీలన ఇకపై ఏటా రెండు పర్యాయములు, ఒకసారి ఈ ఒడ్డున, ఒకసారి ఆ ఒడ్డున, నిర్వహించవలెను."

నాయుడు షామియానా కిందికి పరుగెత్తుకొచ్చాడు. "అయితే ఆట లేదా తల్లీ? మరి నా జట్టు?"

"గేటు లెక్క తెప్పించండి," అన్నారావిడ.

గేటు లెక్క పదకొండు వేల నాలుగువందల పన్నెండు. శకుంతలగారు పాత నూట అరవై మూడూ కలిపి అయిదుతో భాగించి, కళ్ళజోడు సర్దుకున్నారు. "సగటు రెండు వేల మూడు వందలు దాటింది. మీ జట్టు ఉంటుంది నాయుడుగారూ."

"హాకీ ఆడకుండానేనా?"

"ప్రాంగణంలోకి అడుగుపెట్టిన జనం సంఖ్య అనే ఉంది నిబంధనలో. హాకీ అన్న మాట అందులో ఎక్కడా లేదు. ఇన్నేళ్ళుగా మీరే అనవసరంగా శ్రమపడ్డారు."

ఆవిడ జీపెక్కి వెళ్ళిపోయారు. జనం తగువులాడుకుంటూ వంతెనవైపు మళ్ళారు. ఆ ఆఖరి కుర్చీ చెల్లుతుందా చెల్లదా అన్నదే తగువు. పైడమ్మ ఖాళీ బుట్ట బోర్లించుకుని, చెల్లనే చెల్లదని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతోంది. పద్ధెనిమిదిమందీ ఎక్కడికీ పోరని సన్యాసినాయుడు మనసులో పదిసార్లు అనుకున్నాడు. అనుకున్న ప్రతిసారీ కళ్ళు తుడుచుకున్నాడు.

చీకటి పడబోతుండగా ఆయనా లోకనాథమూ గేటుదాకా వచ్చారు. గేటులోంచి ఒక్క మనిషే పడతాడు.

"తమరు ముందు," అన్నాడు నాయుడు.

"అదెలగ? తమరు ముందు," అన్నాడు లోకనాథం.

"పందొమ్మిది ఒప్పుకోను. నువ్వు కదిల్తేనే నేను కదిలేది."

"చచ్చినా కదల్ను."

తాళంచెవి పట్టుకుని వాచ్‌మన్ కాసేపు చూశాడు. ఇద్దరి మొహాల్లోనూ ఇంత సంతోషం అతను ఏనాడూ చూడలేదు. ఇద్దరికీ కదిలే ఉద్దేశం లేదని తేలిపోయాక, వాళ్ళను లోపలే ఉంచి గేటుకు తాళం వేసుకుని భోజనానికి వెళ్ళిపోయాడు.